అంబాసిడరు తరువాత ఏ బండి?

మనిషి వాడుకొను వస్తువులలో కొన్ని కాలక్రమమున వస్తువులుగా మిగలక ఇంటిమనుషులవలె అయిపోవును. వాటిని మార్చవలసిన దినము వచ్చినపుడు లెక్క ఒక వైపునకు, మనసు ఇంకొక వైపునకు లాగుచుండును. మా సీతారామపురము ఇంటి ముందర ఇరువది ఎనిమిది సంవత్సరములు నిలిచిన అంబాసిడరు కారు అటువంటిది. దానికి మారుబండి ఎన్నుకొనుటలో మేము పడిన తర్జనభర్జన, మొదట చేసిన తప్పు లెక్కలు, తరువాత తెలిసికొన్న సంగతులు మన విద్యార్థీ విద్యార్థినులకు చెప్పదలచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము. మేము తెలుగు బోధించువారమే కాని యంత్రశాస్త్రము చదివినవారము కాము. ఇందలి సాంకేతిక విషయములు చాలవరకు ఉదయగిరిలో మెకానిక్కు షెడ్డు ముందు బల్లమీద కూర్చుండి అడిగి తెలిసికొన్నవే. మన కళాశాల కమిటీవారు కూడ నేడో రేపో పాత వ్యానును మార్చవలసి యున్నదని వినుచున్నాము. వారికిని ఇందులో ఒకటి రెండు మాటలు పనికిరావచ్చును.

ముందుగా ఆ కారు పుట్టుక చెప్పవలెను. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అను కారు మూడవ శ్రేణి 1956లో వెలువడినది. దాని నమూనాను తీసికొని హిందుస్థాన్ మోటార్స్ వారు కలకత్తా సమీపమున ఉత్తరపారా కర్మాగారములో 1957–58 ప్రాంతమున అంబాసిడరును ఆరంభించారు. ఆంగ్లేయులు తమ మూడవ శ్రేణిని 1959లోనే విడిచి వేరొక రూపమునకు పోయారు. మనము మాత్రము 2014 మే నెలలో ఉత్తరపారాలో పని నిలిచిపోవు వరకు ఆ గుండ్రని రూపమునే ఉంచుకొన్నాము. వారు మూడేండ్లకే విప్పివేసిన చొక్కాను మనము ఏబది యేండ్లకు పైగా తొడుగుకొన్నామన్నమాట. 2017లో ఆ పేరును ఫ్రాన్సు దేశపు పెజో సంస్థవారు ఎనుబది కోట్ల రూపాయలకు కొన్నారు.

ఇది అంతయు అభిమానమే అనుకొనుట పొరపాటు. ఎవరు ఎన్ని కార్లు తయారుచేయవలెనో ప్రభుత్వ అనుమతి నిర్ణయించు రోజులవి. అంబాసిడరు, బొంబాయిలో తయారైన ఫియట్, మద్రాసులో తయారైన స్టాండర్డ్, ఇంచుమించు ఈ మూడే సామాన్యునికి కనిపించు కార్లు. డబ్బు కట్టి సంవత్సరముల తరబడి ఎదురుచూడవలసి యుండెడిది. 1983 డిసెంబరులో మారుతి కారు వచ్చిన తరువాత గాని, 1991 ఆర్థిక సంస్కరణల తరువాత గాని ఎంపిక అను మాటకు అర్థము రాలేదు. పెద్దలు కుదిర్చిన సంబంధము కాపురములో ప్రేమగా మారినట్లు, వేరు దారి లేక కొన్న బండి మీదనే మన తండ్రుల తరము ప్రాణము పెట్టుకొన్నది. ఈ మాట వ్రాసినందుకు మా తండ్రిగారు కోపగించుకొనరని ఆశించుచున్నాము.

మా తండ్రిగారిది బట్టల వ్యాపారము. 1996లో వారు నెల్లూరులో 1989 నాటి మార్క్ 4 డీజిలు బండిని సెకండ్ హ్యాండుగా కొన్నారు. 1489 సి.సి. ఇంజను, ముప్పది ఏడు అశ్వశక్తి, స్టీరింగు ప్రక్కననే గేరు కాడ, ముందర ఒక చివరనుండి ఇంకొక చివరకు ఒకే బెంచీవంటి సీటు. మేము అప్పుడు మూడవ తరగతి. గుడ్డల బేళ్ళు డిక్కీలో నింపి, పైన మమ్ములను కూర్చుండబెట్టమని మారాము చేసేవారము. పండుగకు ముందు నెల్లూరు వెళ్ళి సరకు తెచ్చినా, అక్కగారిని కాన్పుకు తెచ్చినా, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమునకు మేము ఎం.ఏ. చదువ పోయినపుడు మా పెట్టె, పరుపు దిగినా అన్నియు ఆ బండిలోనే.

ఊరికి అది ఇంకను ఎక్కువ చేసినది. నెల్లూరు మాకు నూరు కిలోమీటర్లు దాటిన దూరము. రాత్రివేళ నొప్పులు వచ్చిన స్త్రీ అయినా, పాము కరచిన రైతు అయినా, మా తలుపు తట్టెడివారు. మా తండ్రిగారు చొక్కా గుండీలు పెట్టుకొనుచునే బండి తీసెడివారు. 2005లో 108 అంబులెన్సు సేవ మన రాష్ట్రములో ప్రారంభమైనది. క్రమముగా అది మా మెట్ట గ్రామములకును వచ్చిన తరువాత ఆ తలుపు చప్పుళ్ళు తగ్గిపోయినవి. అది మంచికే జరిగినది. అయితే మా బండి చేయుచున్న పనులలో పెద్ద పని ఒకటి ఆ విధముగా నిశ్శబ్దముగా తొలగిపోయినదని మేము గమనించలేదు. ఈ సంగతి ముందుకు అవసరమగును.

ఇక మార్పునకు కారణమైన దినము. 2023 డిసెంబరులో పోరుమామిళ్ళలో బంధువుల ఇంట నిఖా చూచుకొని తిరిగి వచ్చుచున్నాము. బండిలో పెద్దలు అయిదుగురు, పిల్లలు నలుగురు. పోరుమామిళ్ళ నుండి సీతారామపురము రావలెనన్న వెలిగొండలను దాటవలెను. ఘాటు దిగుచుండగా ఒక మలుపు ముందు మా తండ్రిగారు బ్రేకు త్రొక్కారు. పెడలు మెత్తగా నేలకు దిగిపోయినది. రెండవమారు త్రొక్కినను అంతే. వారు ఒక్క మాట అనలేదు. గేరు కాడను క్రిందికి లాగి రెండవ గేరులో వేశారు. ఇంజను గట్టిగా అరచి బండిని పట్టుకొన్నది. చేతిబ్రేకు మెల్లమెల్లగా లాగుచు, లోయ వైపున గాక కొండ వైపున ఉన్న మట్టిగట్టుకు ఎడమ చక్రములు ఆనించి నిలిపారు. వెనుక పిల్లలకు ఏమియు తెలియలేదు. తాతగారు మూత్రమునకు ఆపినారనుకొన్నారు. మా తల్లిగారికి తెలిసినది. ఆమె చేతిలోని తస్బీ పూసలు కదలలేదు.

ఏమి జరిగినదో విద్యార్థులకు వివరించుట అవసరము. పెడలు త్రొక్కినపుడు మాస్టరు సిలిండరులోని నూనె సన్నని గొట్టముల ద్వారా నాలుగు చక్రములకు నెట్టబడును. ద్రవము అణగదు కనుక పాదము బలము చక్రము దాకా పోయి, అక్కడి చిన్న సిలిండరు బ్రేకు షూలను డ్రమ్ముకు ఒత్తును. ఈ సిలిండర్లలో రబ్బరు వాషర్లు ఉండును. మా బండిలో అంతకు ముందు మూడు నెలలకే మార్చిన వాషరు ఒకటి చీలిపోయినది. పేరు లేని సరకు, అసలుది దొరకక వేసినది. నూనె కారిపోయినది. పాత బండ్లలో నాలుగు చక్రములకు నూనె దారి ఒక్కటే. ఒకచోట కారినచో నాలుగు చక్రములకును బలము పోవును. నేటి కార్లలో ఈ దారి రెండుగా విభజింపబడి యుండును. ఒకటి పోయినను ఇంకొకటి సగము బలముతోనైనను నిలుపును. మమ్ములను కాపాడిన చేతిబ్రేకునకు నూనెతో పని లేదు, అది తీగతో లాగబడునది. అందుచేతనే ఆ దినమున పనిచేసినది.

ఇంటికి చేరిన తరువాత మా తండ్రిగారు అన్న మాట ఇది: “బేటా, బండిని అనకు. వాషరు మోసము చేసినది.” నిజమే. కాని అసలు వాషరు ఇక ఎక్కడ దొరుకును? తయారు చేయువారు మానుకొన్న బండికి ప్రతి రబ్బరు ముక్కయు ఒక పందెమే. అంబాసిడరును ఏ పల్లెలోనైనను బాగుచేయవచ్చునను మాట ఒకప్పుడు సత్యము. బాగుచేయు చేతులు, వేయు సామాను రెండును ఉన్నప్పుడే అది సత్యము. ఉదయగిరిలో ఆ చేతులు ఇప్పుడు ఒక్కరివే. ఆయనకును అరువది దాటినవి.

మారుబండి వెదకుటలో మేము మొదట చేసిన తప్పు చెప్పెదము. ఇంకొక అంబాసిడరు కొరకు వెదికాము. 1817 సి.సి. ఇసుజు ఇంజను గల తరువాతి బండ్లు అక్కడక్కడ అమ్మకమునకు ఉన్నవి. కలకత్తాలో పసుపు టాక్సీలు ఎన్నో ఉండగా మనకు దొరకవా అనుకొన్నాము. కాని అక్కడ పదునైదేండ్లు దాటిన బాడుగ బండ్లను తీసివేయవలెనని ఉన్నత న్యాయస్థానము 2008లో ఇచ్చిన ఆదేశము వలన ఆ టాక్సీలును వరుసగా కనుమరుగగుచున్నవి. పైగా ఎంత క్రొత్త అంబాసిడరు తెచ్చినను అది 2014కు ముందుదే. పోయినవారి పోలికలు గలవారిని ఇంటికి తెచ్చుకొన్నట్లుండును.

రెండవ తప్పు, అంబాసిడరు చేసిన పనులన్నియు చేయు బండి కావలెననుకొనుట. ఆ లెక్కన మహీంద్రా బొలేరో ఒక్కటే మిగిలినది. ఇనుప చట్రము మీద కట్టిన ఒడలు, డీజిలు ఇంజను, వెనుక చక్రములను త్రిప్పు ఏర్పాటు, ఏ పల్లెకైనను పోగలదు. ఊరిలో అందరు అదియే అన్నారు. అప్పుడు మా శ్రీమతి ఒక నోటుపుస్తకము తెచ్చి, గడచిన సంవత్సరములో బండి ఎక్కడెక్కడికి పోయినదో నెలవారీగా చెప్పుమన్నది. చెప్పాము. నెలకొకమారు మా తల్లిగారి గుండె పరీక్షకు నెల్లూరు. వారమునకు రెండుమార్లు ఉదయగిరి. పెండ్లిండ్లు ఆరు. ఆత్మకూరునకు పిల్లల పరీక్షలకు నాలుగు మార్లు. గుడ్డల బేళ్ళు ఒక్కమారును లేవు. సరకు ఇప్పుడు లారీ ట్రాన్స్‌పోర్టులో వచ్చుచున్నది. రాత్రి రోగులు ఒక్కరే. పొలము బాటలు రెండు. పోరుమామిళ్ళ ఘాటు దారియు జాతీయ రహదారి 167బి లెక్కలోనికి వచ్చినది. మేము ఇరువది యేండ్ల క్రిందటి జీవితమునకు బండి వెదకుచున్నామని ఆ పుటలో స్పష్టమైనది. మారుబండి కొనదలచినవారు ఏ ప్రకటన చూచుటకు ముందు ఈ పట్టిక వ్రాసికొనవలెనని మా గట్టి అభిప్రాయము. కళాశాల కమిటీకి ఇది మరింత సులభము, వ్యాను లాగుబుక్కులో అంతయు వ్రాసియే యుండును.

ఇక డబ్బు. క్రొత్త బండి మైలేజీతో తన ధర తానే తీర్చుకొనునని అమ్మువారు చెప్పుదురు. లెక్క వేసి చూడుడు. మా ప్రయాణము సంవత్సరమునకు తొమ్మిదివేల కిలోమీటర్లు. పాత బండి డీజిలు లీటరుకు పండ్రెండు కిలోమీటర్లు ఇచ్చెడిది. అనగా 750 లీటర్లు, లీటరు నూరు రూపాయలుగా పట్టినచో 75,000 రూపాయలు. పెట్రోలు బండి లీటరుకు పదునెనిమిది ఇచ్చినచో 500 లీటర్లు, నూటపది రూపాయల వంతున 55,000. మిగులు ఇరువదివేలు. పండ్రెండు లక్షల బండి ధర ఈ మిగులుతో తీరవలెనన్న అరువది సంవత్సరములు కావలెను. పొదుపు కొరకు క్రొత్త బండి అనుట మన మనసునకు మనము చెప్పుకొను సాకు. ఘాటులో పెడలు నేలకు దిగకుండుటకు కొనుచున్నామని ఒప్పుకొనుట మేలు.

క్షేమము విషయమై ఇంకొక భ్రమ మా ఇంట చాల బలముగా ఉండెడిది. అంబాసిడరు రేకు మందము, దెబ్బ తగిలినను చొట్ట పడదు, క్రొత్త కార్లు డబ్బా రేకులు అని. ఈ మాట మన విద్యార్థులలోను వినుచుందుము. పరుగెత్తు బండి దేనినైనను ఢీకొన్నపుడు అందులోని మనుషులు కూడ అదే వేగములో ఉందురు. ఆ వేగము ఎక్కడో ఒకచోట ఖర్చు కావలెను. ముందుభాగము నలిగినచో, నలుగుటలోనే చాలవరకు ఖర్చగును, మనిషి కొంచెము ఎక్కువ దూరములో, కొంచెము ఎక్కువ సమయములో ఆగును. ముందుభాగము నలగకున్నచో ఆ దెబ్బ నేరుగా స్టీరింగు మీదుగా ఛాతీకి వచ్చును. గోడమీదికి దూకుటకును గడ్డివామిమీదికి దూకుటకును గల భేదమే ఇది. నేటి కార్లలో ముందుభాగము నలుగునట్లును, మనుషులు కూర్చుండు గది నలగకుండునట్లును రూపొందింతురు. బెల్టు, గాలిసంచి దీనికి తోడు. బెల్టు లేనిచో ఈ తెలివి అంతయు వ్యర్థము. మా అంబాసిడరులో బెల్టులు లేవు. ఇరువది ఎనిమిదేండ్లు మేము దేవుని దయమీద తిరిగాము. మన దేశములో 2023 అక్టోబరు నుండి భారత్ ఎన్‌క్యాప్ అను పేర తాకిడి పరీక్షలు జరుపుచు బండ్లకు నక్షత్రములు ఇచ్చుచున్నారు. కొనువారు ఆ ఫలితమును అడిగి చూడవలెను. రంగు కంటె ముందు అడుగవలెను.

అంబాసిడరు పక్షమున ఒక మాట న్యాయముగా చెప్పవలెను. నిండు బరువుతో ఎత్తు ఎక్కునపుడు బండి బరువు వెనుకకు ఒరుగును. అంబాసిడరులో ఇంజను బలము వెనుక చక్రములకు పోవును కనుక పట్టు పెరుగును. నేటి చిన్న కార్లలో చాలవరకు ముందు చక్రములే త్రిప్పును. ఎత్తులో వాటిపై బరువు తగ్గి, ఇసుకలోనో బురదలోనో ఊరక తిరుగును. మెట్ట ప్రాంతమువారు దీనిని కొట్టివేయరాదు. పొలము బాటలలో నిత్యము తిరుగువారికి బొలేరో వంటి వెనుక చక్రముల బండియే సరి. మాకు సంవత్సరమునకు రెండు బాటలు.

కడపటి పరీక్ష మా తల్లిదండ్రుల మోకాళ్ళు పెట్టినది. నెల్లూరులో ఒక చిన్న కారులో మా తండ్రిగారు కూర్చుండగలిగారు గాని లేవలేకపోయారు. మేమిద్దరము చేతులు పట్టి లాగవలసి వచ్చినది. అమ్మువాడు నవ్వు దాచుకొన్నాడు. బొలేరో మెట్టు ఎక్కుటకు మా తల్లిగారు రెండుమార్లు కాలు ఎత్తి దింపుకొన్నారు. ఆ దినము ఇంటికి వచ్చి అంబాసిడరు సీటు నేలనుండి ఎంత ఎత్తున ఉన్నదో టేపుతో కొలిచి కాగితముమీద వ్రాసికొన్నాము. సీటు మనిషి తొడ ఎత్తున ఉన్నచో పిరుదులు జార్చిన చాలును, వంగ పని లేదు, ఎక్క పని లేదు. ఆ కొలతతో చూడగా మారుతి ఎర్టిగా మా ఇంటివారికి సరిపోయినది. దాని ఇంజను 1462 సి.సి., మన పాతదానికి దాదాపు సమానము. బలము మాత్రము నూరు అశ్వశక్తికి పైగా, మూడింతలకు దగ్గర. యంత్రశాస్త్రము ఎంత దూరము నడచినదో ఈ రెండంకెలు చెప్పును.

పండ్రెండు లక్షలు మావద్ద లేవు. మూడేండ్ల వయసు గల బండిని చూచాము. సెకండ్ హ్యాండు కొనువారు చేయవలసిన పనులు కొన్ని ఉన్నవి. ఆర్.సి.లోని ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండిపైనివాటితో స్వయముగా సరిచూడవలెను. బ్యాంకు అప్పు నమోదై యున్నచో అది తీరినట్లు కాగితము తీసికొని, ఆర్.సి.లో కొట్టివేయించిన తరువాతనే డబ్బు ఈయవలెను. సర్వీసు పుస్తకములోని కిలోమీటర్లు మీటరులోని కిలోమీటర్లతో పొసగవలెను. ఉదయము ఇంజను చల్లగా ఉన్నపుడే స్టార్టు చేయించి చూడవలెను, వేడిచేసి ఉంచిన బండి తన రోగము చెప్పదు. ఇవియన్నియు చేసి, అమ్మువారిని బతిమాలి, ఏడుగురిని ఎక్కించుకొని ఘాటుదాకా పోయాము. ఎత్తులో ఆపి, తిరిగి కదిలించాము. ముందు చక్రములు ఒక్కమారు జారి పట్టుకొన్నవి. మా తండ్రిగారు తల ఊపారు. సంతోషముతో కాదు, ఒప్పుకొన్నట్లుగా.

వారికి ఒక్క ఫిర్యాదు మిగిలినది. “ఏడుగురేనా?” అన్నారు. బెల్టులు ఏడే ఉన్నవి అబ్బా, అన్నాము. అంబాసిడరులో ఎంతమంది పట్టుదురని ఎవరును అడుగలేదు, ఇంకెవరు రావలెనని అడిగేవారు. మొన్నటి పెండ్లికి మా అక్కగారి పిల్లలిద్దరు బస్సులో రావలసి వచ్చినది. వారు అలిగారు. మేము ఎక్కించుకొనలేదు. మా తండ్రిగారు దారి పొడవున మాతో మాటలాడలేదు.

పాత బండి రిజిస్ట్రేషను 2024లో ముగిసినది. పదునైదేండ్లు దాటిన కారునకు అయిదేండ్లకొకమారు తనిఖీ చేయించి పునరుద్ధరింపవలెను. 2022 ఏప్రిల్ నుండి ఆ రుసుము 600 నుండి 5,000 రూపాయలకు పెరిగినది. ఏబది యేండ్లు దాటిన బండ్లకు పురాతన వాహనముగా వేరే నమోదు కలదు గాని మనది 1989దే. అధికార గుర్తింపు గల తుక్కు కేంద్రమునకు ఇచ్చినచో ఒక పత్రము ఇత్తురు. క్రొత్త బండి కొనువారికి దానివలన పన్నులో రాయితీ దొరకును. మాది సెకండ్ హ్యాండు కనుక మాకు అది ఉపయోగపడలేదు. అయినను అక్కడికే పంపాము. ఎవరికో అమ్మినచో ఆ వాషర్లతో ఇంకొక కుటుంబము ఘాటు దిగును.

పంపుటకు ముందు రోజు ఉదయగిరి మెకానిక్కు వచ్చి ముందు సీటు విప్పి ఇచ్చినాడు. అది ఇప్పుడు మా బట్టల దుకాణములో గోడవారగా ఉన్నది. బేరమునకు వచ్చిన ఆడవారు ముగ్గురు దానిమీద సులభముగా కూర్చుందురు, నాలుగవ ఆమె వచ్చినచో సర్దుకొందురు.